జాతి తెలియని కుక్కను అజిలిటీ పోటీలకు తీసుకెళ్లవచ్చా?

షెల్టర్ నుంచి తెచ్చుకున్న మీ రెండేళ్ల కుక్కకు జాతి పత్రాలేవీ లేవనీ, అమెరికాలో అజిలిటీ పోటీలకు, అంటే కుక్క వరుసగా అడ్డంకులను దాటుతూ పరుగెత్తే పోటీలకు, దానిని రానిస్తారో లేదో తెలియడం లేదనీ రాశారు. తప్పకుండా రానిస్తారు. డాలస్ పరిసరాల్లో ఆరేళ్లుగా మా కుక్క చిట్టితో నేను ఈ పోటీలకు వెళ్తున్నాను. దాని తల్లిదండ్రులు ఏ జాతివో మాకూ తెలియదు.

కుక్కల జాతులను నమోదు చేసి, పోటీలు నిర్వహించే అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2009లో మిశ్రమ జాతి కుక్కల కోసం కెనైన్ పార్ట్‌నర్స్ అనే నమోదు పథకాన్ని ప్రారంభించి, 2010 ఏప్రిల్ నుంచి అజిలిటీ, ఒబీడియన్స్ (ఆజ్ఞలు పాటించడం), ర్యాలీ (దారిలోని పలకల సూచనల ప్రకారం యజమానితో కలిసి నడవడం) పోటీల్లో వాటికి ప్రవేశం కల్పించింది. జాతి లక్షణాలను చూసి బహుమతులిచ్చే కన్ఫర్మేషన్ ప్రదర్శనలలో మాత్రం వాటికి చోటు లేదు. నమోదుకు సంతాన నిరోధక శస్త్రచికిత్స తప్పనిసరి. షెల్టర్ల వారు సాధారణంగా దానిని ముందే చేయించి ఇస్తారు.

పోటీలో జాతితో పని లేదు, కొలతతోనే పని. భుజాల పైభాగం దగ్గర కుక్క ఎత్తు కొలిచి, అది దూకవలసిన అడ్డుకర్ర ఎత్తును నిర్ణయిస్తారు. చిట్టి 17 అంగుళాలు ఉంటుంది కనుక అది 16 అంగుళాల తరగతిలోకి వచ్చింది. అయితే దాని నడుము పొడవు, కాళ్లు పొట్టి. అటువంటి శరీరానికి ఆ ఎత్తు భారమని నాకు అనిపించి, నాలుగు అంగుళాలు తగ్గించి దూకనిచ్చే ప్రిఫర్డ్ విభాగానికి మార్చాను. ఆ నిర్ణయం ఇంకా ముందే తీసుకోవలసిందని ఇప్పటికీ బాధపడుతుంటాను. జాతి కుక్క అయితే దాని శరీరం ఎలా ఎదుగుతుందో కొంత ఊహించవచ్చు. మన కుక్కల విషయంలో ఆ వీలు లేదు కాబట్టి, శిక్షణకు ముందే పశువైద్యుని చేత తుంటి, మోకాలి కీళ్లను పరీక్ష చేయించండి.

చిట్టికి దూకడం కన్నా టీటర్ కష్టమైంది. పిల్లలు చెరో చివర కూర్చుని పైకీ కిందికీ ఊగే సీ-సా వంటి ఆ బల్ల ఒక చివర ధడేలున నేలను తాకేసరికి అది వణికిపోయేది. బల్ల కింద దుప్పటి మడిచి పెట్టి, చప్పుడును కొద్దికొద్దిగా పెంచుతూ, అయిదు నెలల పాటు అలవాటు చేశాము. షెల్టర్‌కు రాక ముందు అది ఏం అనుభవించిందో మనకు తెలియదు గనుక అక్కడ తొందర పనికిరాదు.

2024లో అమెరికాలో పేరొందిన వెస్ట్‌మిన్‌స్టర్ శునక ప్రదర్శనలోని అజిలిటీ పోటీలో నింబుల్ అనే మిశ్రమ జాతి కుక్క గెలిచింది. ఆ విజయం సాధించిన మొదటి మిశ్రమ జాతి కుక్క అదే. అయితే అది బోర్డర్ కాలీ, పాపియాన్ జాతుల కలయిక, అంటే చురుకుదనానికి పేరున్న రెండు జాతుల సంతానం. మీ కుక్క వేగాన్ని దానితో పోల్చకండి.

మీరు ర్యాలీతో ఆరంభించడం మంచిది. అందులో దూకుళ్ల భారం ఉండదు, మొదటి స్థాయిలో పట్టీతోనే నడిపించవచ్చు, మీరు మాట్లాడుతూ ఉంటే మీతో పాటు నడవడం దానికి అలవాటవుతుంది. మేమూ ఏడాది పాటు అదే చేసి, ఆ తరువాతే అజిలిటీ మైదానంలో అడుగుపెట్టాము.