నార్వేవాళ్లు క్రిస్మస్‌కి నూనెలో వేయించి చేసే ఫత్తిమన్, రోసెట్ బిస్కెట్లు ఇంట్లో చేస్తే నూనె పీల్చేస్తున్నాయి, అచ్చు నుంచి జారిపోతున్నాయి. ఎక్కడ తప్పుతోంది?

మీరు అడిగినవి మూడు. ఫత్తిమన్ గుల్లగా రాకుండా సాగుతూ, నూనె ఓడుతూ ఎందుకొచ్చింది? రోసెట్ పిండి అచ్చుకి పట్టకుండా గిన్నెలోకే ఎందుకు జారిపోతోంది? బ్రాందీ, పంది కొవ్వు, గుడ్డు లేకుండా ఇవి కుదురుతాయా?

మొదటిదానికి జవాబు మీరు రాసిన కొలతల్లోనే ఉంది. నార్వే వంటకంలో "4 డెసిలీటర్ల మైదా" అని ఉంటే మీరు 4 కప్పులు వేశారు. డెసిలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. అందులో మైదా దాదాపు 60 గ్రాములు పడుతుంది, కాబట్టి 4 డెసిలీటర్లంటే 240 గ్రాములే. అమెరికన్ కప్పు 240 మిల్లీలీటర్లది, ఒక్కో కప్పుకి 120 గ్రాములకి తగ్గదు. అంటే మీ గిన్నెలో రెట్టింపు పిండి పడింది. అది కలవక పొడిపొడిగా ఉందని పాలు పోశారు, ముద్ద అయ్యేదాకా పిసికారు. అప్పుడు తయారైంది ఫత్తిమన్ పిండి కాదు, తీపి పూరీ పిండి. పిసికితే మైదా సాగుతుంది, సాగే పిండి వేగాక గుల్లగా ఉండదు. పోసిన పాలలోని నీరంతా వేగేటప్పుడు ఆవిరై పోతుంది, అది ఖాళీ చేసిన చోట్లలోకి నూనె చేరుతుంది. ఇకమీదట కప్పులు పక్కన పెట్టి కాటా వాడండి. చెంచాల విషయంలో పేచీ లేదు: నార్వే పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్నది 5.

ఫత్తిమన్ అంటే "పేదవాడు" అని అర్థం. రాతలో మధ్యన 'గ్' ఉన్నా పలకరు. పేరుకి పేదవాడే గానీ లోపల పడేవన్నీ ఖరీదైనవి: పచ్చసొనలు, చిక్కటి మీగడ, కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీ. ఇవన్నీ కొనేసరికి వండేవాళ్లు పేదవాళ్లవుతారని అక్కడ చెప్పుకుంటారు. క్రిస్మస్‌కి ముందు ఏడు రకాల బిస్కెట్లు చేసి డబ్బాల్లో పెట్టుకోవడం నార్వే ఇళ్లలో పాత ఆనవాయితీ, ఆ ఏడింటిలో ఇది తరచూ ఉంటుంది. స్వీడన్‌లో క్లెనేటర్, డెన్మార్క్‌లో క్లైనర్ కూడా ఇదే మెలికతో చేస్తారు. ఐస్‌లాండ్ క్లైనూర్ మాత్రం ఆకారం ఒకటే అయినా బేకింగ్ పౌడర్ వేసి మెత్తగా, డోనట్‌లా చేసేది. మీరు చూసిన వీడియోల్లో ఒకటి ఆ రకమే అయి ఉంటుంది. గుల్లగా రావాలంటే దాని కొలతలు ఇందులో కలపకండి.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక పచ్చసొనకి ఒక పెద్ద చెంచా పంచదార, ఒక పెద్ద చెంచా మీగడ. 5 పచ్చసొనలకి 65 గ్రాముల పంచదార, 75 మిల్లీలీటర్ల మీగడ (అక్కడ క్రేమ్‌ఫ్లోతె అని అమ్మేది, 38 శాతం కొవ్వున్నది), ఒక పెద్ద చెంచా కోన్యాక్, అర చిన్న చెంచా యాలకుల పొడి, చిటికెడు ఉప్పు, 230 గ్రాముల మైదా. ఇంకో 20 గ్రాములు పక్కన ఉంచుకోండి. సన్నగా వత్తితే 50 దాకా వస్తాయి. యాలకులు మాత్రం గింజలు తీసి అప్పటికప్పుడు దంచండి. ఎప్పుడో కొన్న పొడి వేస్తే వేగాక వాసన మిగలదు.

పచ్చసొనలు, పంచదార తెల్లబడి చిక్కబడేదాకా, బీటర్‌తో ఓ 5 నిమిషాలు గిలక్కొట్టండి. పంచదార కరగకుండా మిగిలితే వేగేటప్పుడు ఆ పలుకులు మాడి నల్లటి చుక్కలవుతాయి. మీగడని వేరేగా, గరిటె తీస్తే మెత్తగా వంగే కొమ్ములు నిలిచేంతవరకు కొట్టి ఇందులో కలపండి, ఆపైన కోన్యాక్. మైదా, యాలకులు, ఉప్పు కలిపి జల్లించి వేసి, గరిటెతో పొడి కనపడకుండా పోయేదాకా మాత్రమే తిప్పండి. ఇక ఆపేయాలి. ఈ దశలో ముద్ద చేతికి జిగురుగా అంటుకుంటుంది, చపాతీ పిండిలా ఉండదు. అందరూ తప్పుచేసేది ఇక్కడే: జిగురుగా ఉందని ఇంకో గుప్పెడు మైదా చల్లుతారు. ఆగండి. అంగుళం మందాన పరిచి, గాలి తగలకుండా చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దుటికి మైదా తడిని పీల్చుకుంటుంది, మీగడలోని వెన్న గడ్డకడుతుంది, ముద్ద దానంతట అదే వత్తడానికి లొంగుతుంది. అప్పటికీ మరీ జారుడుగా ఉంటేనే పక్కనుంచిన 20 గ్రాములు వాడండి. రెండు గంటల్లో అయిపోవాలనుకుంటే ఈ వంటకం ఎంచుకోవద్దు.

వత్తేటప్పుడు ముద్దని నాలుగు భాగాలు చేసి ఒకటే బయటికి తీయండి, మిగతావి ఫ్రిజ్‌లోనే ఉండాలి. మందం 2 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్లయితే పైన ఎర్రబడి మధ్యలో మెత్తగా మిగులుతుంది, 1 మిల్లీమీటరైతే మెలిక తిప్పేటప్పుడు చిరుగుతుంది. కోయడానికి నార్వేలో పళ్ల చక్రం వాడతారు. మన కజ్జికాయల అంచు కోసే చక్రం సరిగ్గా అదే పని చేస్తుంది, కొత్తది కొననక్కర్లేదు. పొడవు 10 సెంటీమీటర్లు, నడుమ వెడల్పు 5 సెంటీమీటర్లు ఉండేలా డైమండ్ ముక్కలు కోసి, మధ్యలో పొడుగువాటంగా 3 సెంటీమీటర్ల గాటు పెట్టండి. పొడుగు కొస ఒకటి పట్టుకుని ఆ గాటులోంచి దూర్చి అవతలికి లాగాలి. లాగేటప్పుడు గాటు చివర చిరిగితే పిండి వెచ్చబడిందన్నమాట, పళ్లెంతో సహా 10 నిమిషాలు చల్లబెట్టండి. మెలికలు తిప్పిన ముక్కలన్నీ కూడా వేయించేముందు 15 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉండాలి. ముక్కలకి అంటిన పొడి పిండిని మెత్తటి బ్రష్‌తో దులపండి. ఆ పొడే నూనె అడుగుకి చేరి మాడి, మూడో వాయికల్లా నూనెని నల్లగా, చేదుగా చేస్తుంది.

ఇక నూనె. 180 డిగ్రీలు. థర్మామీటర్ కొనండి, దీనికి ప్రత్యామ్నాయం నేను చెప్పను. ఎందుకంటే 160 దగ్గర, 180 దగ్గర నూనె చూడటానికి ఒకేలా ఉంటుంది, ఫలితం మాత్రం ఒకటి కాదు. చల్లటి ముక్కలు ఒకేసారి పది వేస్తే 180 కాస్తా 150కి పడిపోతుంది. అందుకే 3 లేదా 4 మాత్రమే వేయండి, మళ్లీ 180 చూశాకే తర్వాతి వాయి. కరెంటు పొయ్యి అయితే అదనపు జాగ్రత్త కావాలి: వేడి తగ్గించినా పళ్లెం చాలాసేపు కాగుతూనే ఉంటుంది, కాబట్టి 175 దగ్గరే తగ్గించేయాలి. అడుగు మందంగా ఉన్న లోతు గిన్నె, సగానికి మించని నూనె, పక్కనే మూత. నూనె అంటుకుంటే పొయ్యి ఆపి మూతేయాలి, నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు.

ఒక్కో వైపు నిమిషం లోపే. లేత బంగారు రంగులో ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది. తీశాక మొదటి అర నిమిషం చాలా ముఖ్యం. వేగుతున్నంతసేపు లోపలి ఆవిరి బయటికి తన్నుతూ నూనెని రానివ్వదు. గిన్నెలోంచి తీయగానే ఆవిరి చల్లబడి నీరవుతుంది, లోపల ఏర్పడిన ఖాళీ పైన అంటుకున్న నూనెని లాక్కుంటుంది. పీల్చుకునే నూనెలో పెద్ద భాగం అప్పుడే లోపలికి పోతుంది. కాబట్టి చిల్లుల గరిటెతో తీసి, నూనె పైనే ఒక్కసారి విదిలించి, వెంటనే పేపర్ టవల్ మీద విడివిడిగా పరిచి, అర నిమిషంలో తిప్పేయండి. వేడివి ఒకదానిమీద ఒకటి కుప్ప పోస్తే కింద ఉన్నవి ఆవిరికి మెత్తబడతాయి.

సంప్రదాయంగా వీటిని వేయించేది స్ముల్ట్‌లో, అంటే పంది కొవ్వులో. అది చల్లారితే గడ్డకడుతుంది గనుక బిస్కెట్ పట్టుకుంటే చేతికి జిడ్డు తగలదు. మీకు అది వద్దనుకుంటే శుద్ధి చేసిన కొబ్బరి నూనె దానికి దగ్గరగా పనిచేస్తుంది, చల్లటి దేశంలో అదీ గడ్డకడుతుంది. వాసన ఉన్న పచ్చి కొబ్బరి నూనె ఈ వేడికి పొగలు కక్కుతుంది, అది వద్దు. సన్‌ఫ్లవర్, వేరుశనగ నూనెలు బాగానే ఉంటాయి, కాస్త జిడ్డు తెలుస్తుంది అంతే. కోన్యాక్ మానేయాలంటే దాని బదులు ఒక పెద్ద చెంచా నారింజ రసంలో కొన్ని చుక్కల వెనిగర్ వేయండి. మద్యం పిండిని సాగనివ్వదు, త్వరగా ఆవిరైపోతుంది. రసం ఆ పని అంతగా చేయదు గానీ పులుపు కొంత సాయపడుతుంది. గుడ్డు సంగతి నిక్కచ్చిగా చెప్తాను: పచ్చసొన లేకుండా ఫత్తిమన్ లేదు. ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్లుంటే వాళ్లకోసం రోసెట్ చేయండి, అది గుడ్డు లేకుండానూ కుదురుతుంది.

రోసెట్ మీకు కొత్తేం కాదు. మన గులాబీ పువ్వుల అచ్చు, వాళ్ల రోసెట్ అచ్చు పనిచేసే తీరు ఒక్కటే. కోస్తాలో చాలా క్రైస్తవ కుటుంబాలు క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు మీకు వస్తే, చెయ్యి అలవాటు మీకు ముందే ఉన్నట్టు. ఇంటి నుంచి తెచ్చుకున్న అచ్చే వాడండి. తేడా అంతా పిండిలోనే: మన దాంట్లో బియ్యప్పిండి, పంచదార ఎక్కువ, కాబట్టి గట్టిగా కరకరలాడుతుంది. వాళ్లది మైదా, పాలు, గుడ్లతో దోసె పిండి కంటే పల్చగా ఉండి, నోట్లో పెట్టగానే విరిగిపోతుంది. 2 గుడ్లు, 2 చిన్న చెంచాల పంచదార, పావు చిన్న చెంచా ఉప్పు, 240 మిల్లీలీటర్ల పాలు, 130 గ్రాముల మైదా. గుడ్లని నురుగు రాకుండా కలపండి, నురుగొస్తే బిస్కెట్ మీద బుడగలు లేస్తాయి. వడకట్టి ఒక గంట పక్కన పెట్టండి. గుడ్డు లేకుండా అయితే 100 గ్రాముల మైదా, 40 గ్రాముల బియ్యప్పిండి, 30 గ్రాముల పంచదార, 200 మిల్లీలీటర్ల పల్చటి కొబ్బరి పాలు. పిండి గరిటె వెనక పల్చటి పొరలా నిలవాలి, నిలవకుండా కారిపోతే బియ్యప్పిండి చెంచా చెంచాగా పెంచండి.

మీ పిండి జారిపోవడానికి కారణం అచ్చు సరైన వేడిలో లేకపోవడం. నూనె 185 డిగ్రీలకి వచ్చాక అచ్చుని అందులోనే 2 నిమిషాలు ఉంచాలి. తీసి నూనె విదిలించి, అడుగుని పేపర్ మీద ఒక్కసారి అద్ది, అప్పుడు పిండిలో ముంచండి. సుయ్యిమని చప్పుడు రావాలి. చప్పుడు లేకపోతే అచ్చు చల్లారింది, పిండి పట్టదు. ముంచగానే పిండి ఉడికి ముద్దగా ఊడిపోతే అచ్చు మరీ కాగింది. నూనె కారుతున్న అచ్చుకీ పిండి పట్టదు. ఎంత లోతు ముంచాలంటే, అచ్చు ఎత్తులో మూడొంతులు మాత్రమే. పై అంచు దాటి పిండి ఎక్కిందంటే అది అచ్చుని కప్పేసి ఊడిరాదు, పుల్లతో పొడిస్తే ముక్కలవుతుంది. నూనెలో పెట్టాక 20, 25 సెకన్లకి అంచులు వదులవుతాయి. అప్పుడు అచ్చుని కొద్దిగా కదిపి, అవసరమైతే పుల్లతో కిందికి నెట్టి, తిరగేసి ఇంకో 15 సెకన్లు. మొదటి రెండు మూడు పువ్వులు పాడవుతాయి, అచ్చు నూనె పట్టేదాకా అంతే. ప్రతి పువ్వుకీ ముందు అచ్చుని మళ్లీ నూనెలో కాచాలి. పని అయ్యాక అచ్చుని సబ్బుతో రుద్దకుండా వేడిగా ఉండగా గుడ్డతో తుడవండి.

వేగాక పువ్వు మెత్తగా ఉంటే నూనె మరీ వేడిగా ఉంది. లోపలి తడి పోకముందే పైన రంగొచ్చేసిందన్నమాట. అలాంటివాటిని 150 డిగ్రీల ఓవెన్‌లో 5 నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి.

రెండు రకాలనీ పూర్తిగా చల్లారాక, విడివిడి రేకు డబ్బాల్లో, మధ్యలో బేకింగ్ పేపర్ వేసి పెట్టండి. ఫత్తిమన్ రెండు వారాలు బాగుంటుంది, రోసెట్ అంతకాలం ఆగదు. పంచదార పొడి వడ్డించే ముందే చల్లాలి, ముందే చల్లితే తడి పీల్చి జిగురవుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలిలో చేస్తే డబ్బా మూత ఒక్క గంట తీసి ఉంచినా మెత్తబడిపోతాయి.

మిగిలిన 5 తెల్లసొనల్ని పారబోయకండి. బాదం పొడి, పంచదార పొడి కలిపి ఉంగరాలుగా కాల్చి గోపురంలా పేర్చే క్రాన్సెకాకెకి తెల్లసొనే కావాలి. 250 గ్రాముల బాదం పొడికి 250 గ్రాముల పంచదార పొడి, 2 తెల్లసొనలు సరిపోతాయి. మిగతావి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, కరిగాక కూడా బాగానే పనిచేస్తాయి.