నోరు తిరగని చదువుకి అమ్మాయిని పంపాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బట్టల కొట్టు ఉంది. మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ పూర్తి చేసింది. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది, భువనేశ్వర్ దగ్గర ఒక కేంద్ర విద్యాసంస్థలో పీహెచ్‌డీ సీటూ వచ్చింది. 'హోలోమార్ఫిక్ ఫంక్షన్ల స్పేసుల మీద కంపోజిషన్ ఆపరేటర్ల కాంపాక్ట్‌నెస్' గురించి పరిశోధన చేస్తుందట. ఎవరైనా అడిగితే ఆ పేరు చెప్పడానికి నాకు నోరు తిరగదు. అయిదేళ్లు ఇది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? విశాఖలో పది నెలల డేటా సైన్స్ కోర్సు ఉంది, ఫీజు 2,30,000 రూపాయలు. నచ్చజెప్పి అందులో చేర్పిద్దామని 10,000 అడ్వాన్సు కట్టాను. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. దానికి 23 ఏళ్లు, సంబంధాలు కూడా చూడాలి. రెండు దారులూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది. సబ్జెక్టు పేరు మారుతుంది, ఊరు మారుతుంది. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం, ఎక్కడి నుంచి వచ్చినా చివర్లో 'ఏం ఉద్యోగం వస్తుంది' అనే ఉంటుంది. దానికి జవాబు చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది 'నోరు తిరగదు' అన్న చోట. అమ్మాయి చదువు మీకు కనపడటం లేదు. కనపడని చోటికి కూతుర్ని పంపాలంటే ఏ తండ్రికైనా గుండె దడే. కాబట్టి ముందు ఆ చదువేమిటో కాస్త చూద్దాం.

కొట్టులో క్యాలిక్యులేటర్ ఉంటుంది కదా, తీయండి. ఒక గుండ్రటి బల్ల ఊహించుకోండి, మధ్య నుంచి అంచుకి దూరం 1. మీ అమ్మాయి చదివే ఫంక్షన్లన్నీ, అంటే ప్రతి చుక్కకీ ఒక విలువ ఇచ్చే సూత్రాలన్నీ, ఈ బల్ల మీదే ఉంటాయి. బల్ల మధ్యలో అవి బుద్ధిగా ఉంటాయి, అల్లరంతా అంచు దగ్గరే. ఇప్పుడు బల్ల మీది ప్రతి చుక్కనీ ఒక నియమం ప్రకారం బల్ల లోపలే ఇంకో చోటికి జరిపి, ఆ కొత్త చోట ఫంక్షన్ విలువ తీసుకుంటాం. తెలుగు మీడియం ఇంటర్ పుస్తకాల్లో సంయుక్త ప్రమేయం అనేది ఇదే. ఈ పనిని ఫంక్షన్లన్నిటి మీదా ఒకేసారి చేసేది కంపోజిషన్ ఆపరేటర్. అలా జరిపాక అంచు దగ్గరి అల్లరి అణిగిపోతుందా, మిగిలిపోతుందా అన్నది, ముతకగా చెప్పాలంటే, కాంపాక్ట్‌నెస్ ప్రశ్న.

మొదటి నియమం: సంఖ్యని సగం చెయ్యండి. 0.99 తీసుకోండి, అది అంచుకి 0.01 దూరంలో ఉంది. సగం చేస్తే 0.495, అంటే ఇప్పుడు అంచుకి దూరం 0.505. పాత దూరాన్ని కొత్త దూరంతో భాగించండి, సుమారు 0.02 వస్తుంది. 0.999తో చేస్తే 0.002. అంచుకి దగ్గరయ్యేకొద్దీ సున్నా వైపు పోతోంది. అంటే అల్లరి అణిగిపోయింది, ఈ ఆపరేటర్ కాంపాక్ట్.

రెండో నియమం: 1 కలిపి సగం చెయ్యండి. 0.99 కాస్తా 0.995 అవుతుంది, దూరం 0.005, భాగిస్తే 2. 0.999తో చెయ్యండి, మళ్లీ 2. ఎంత అంచుకి వెళ్లినా ఆ 2 కదలదు. ఇది కాంపాక్ట్ కాదు.

మూడోది కాస్త ఓపికగా చెయ్యాలి. 1లోంచి మీ సంఖ్యని తీసెయ్యండి, వచ్చినదాన్ని సగం చేసి వర్గమూలం తీయండి, దాన్ని మళ్లీ 1లోంచి తీసెయ్యండి. 0.99తో మొదలుపెడితే కొత్త దూరం సుమారు 0.07, భాగిస్తే 0.14. 0.9999తో దూరం 0.007, భాగిస్తే 0.014. ఇది కూడా రెండో దానిలాగే అంచుని తాకుతుంది, అయినా కాంపాక్టే! రెండోది అంచుని గుండ్రంగా ఒరుసుకుని తాకుతుంది, మూడోది మూలలా వచ్చి మొనతో తాకుతుంది. తాకడంలో ఉన్న ఆ తేడా మీదే ఎన్నో ఏళ్ల పరిశోధన నిలబడి ఉంది. నేను ఒక్క గీత మీద చూపించాను. అసలు పనిలో బల్ల చుట్టూ ప్రతి దిక్కు నుంచీ చూడాలి.

స్పేస్ అంటే ఇలాంటి ఫంక్షన్ల గుంపు. బెర్గ్‌మన్ స్పేస్ అనే గుంపులో ఈ భాగఫలం అంచు పొడవునా సున్నాకి పోతే చాలు, కాంపాక్టేనని 1986లో బార్బరా మాక్‌క్లూర్, జోయెల్ షపిరో నిరూపించారు. హార్డీ స్పేస్ అనే ఇంకో గుంపులో అది సరిపోలేదు. ఒకే చోటికి ఎన్ని చుక్కలు వచ్చి పడుతున్నాయో కూడా లెక్కపెట్టాలి. ఆ లెక్కతో షపిరో 1987లో పూర్తి జవాబు ఇచ్చాడు. హార్డీ అంటే మన రామానుజన్‌ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీయే. మన దేశంలో జమ్మూ విశ్వవిద్యాలయంలో ఆర్.కె. సింగ్ ఈ ఆపరేటర్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కాబట్టి మీ అమ్మాయి దారీ తెన్నూ లేని చోటికి పోవడం లేదు. ఇంకోసారి ఎవరైనా అడిగితే 'హార్డీ గణితం మీద పీహెచ్‌డీ చేస్తోంది' అనండి. అబద్ధం కాదు, నోరూ తిరుగుతుంది.

ఇక విశాఖ కోర్సు. డేటా సైన్స్ మంచి రంగం. నా అనుమానాలన్నీ పది నెలల కోర్సుల మీద. వాటిలో సాధారణంగా ఉండేది కొంచెం పైథాన్ కోడింగ్, కొంచెం స్టాటిస్టిక్స్, ఎవరో ముందే రాసి ఉంచిన రెడీమేడ్ కోడ్ తెచ్చి వాడటం, చివర్లో ఒక ప్రాజెక్టు. నా దగ్గరికి వచ్చే పిల్లల రెజ్యూమెలు చూస్తుంటాను. టైటానిక్ ఓడ ప్రయాణికుల్లో ఎవరు బతికారో అంచనా వేసే ప్రాజెక్టు ఒకరిది, ఇళ్ల ధరల అంచనా ఇంకొకరిది. ఎవరిది చూసినా ఆ రెండే. కంపెనీ వాళ్లకి ఆ రెజ్యూమెలు వందల్లో వస్తే దేన్ని పట్టుకుంటారు? పైగా ఆ స్థాయి కోడ్ ఇప్పుడు ఏఐ టూల్స్ అడిగిందే తడవుగా రాసి ఇచ్చేస్తున్నాయి. మూడేళ్ల కిందట గుణుపురం అబ్బాయి ఒకడు ఇలాంటి ఒక సంస్థలో చేరాడు. వాళ్లు చెప్పిన 'ప్లేస్‌మెంట్' చివరికి నైట్ షిఫ్టులో ఫారాలు ఎక్కించే పని అయింది. వాళ్ల నాన్న ఫీజు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. అప్పుడు 'చేరు బాబూ, పర్వాలేదు' అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కంపోజిషన్ ఆపరేటర్‌కి ఇంకో పేరు కూప్‌మన్ ఆపరేటర్. 1931లో బెర్నార్డ్ కూప్‌మన్ దాన్ని గతిశాస్త్రంలోకి తెచ్చాడు. ఇప్పుడు ద్రవాల ప్రవాహం లాంటి చిక్కు వ్యవస్థలని డేటా నుంచి అర్థం చేసుకోవడానికి వాడుతున్నారు. హార్డీ స్పేస్‌లో వచ్చే కెర్నల్స్ అనే భావన మీదే మెషిన్ లెర్నింగ్‌లో ఒక పెద్ద శాఖ నడుస్తోంది. అంటే మీరు డబ్బు కట్టి చేర్పించాలనుకుంటున్న ఊరికి మీ అమ్మాయి ఇంకో రోడ్డున, లోతుగా వెళ్తోంది. అయితే పీహెచ్‌డీ చేసినంత మాత్రాన కంపెనీలు పిలుస్తాయని నేను అనను. వారానికి ఒక పూట పైథాన్ నేర్చుకోమనండి. ఈ గణితం చదివే బుర్రకి అదేం బరువు కాదు.

డబ్బు లెక్క మీకు నేను చెప్పాలా? జేఆర్ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత పని చూసి ఎస్ఆర్ఎఫ్‌కి, అంటే సీనియర్ ఫెలోషిప్‌కి, పెంచితే మూడేళ్లు 42,000. అయిదేళ్లకి కూడితే 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం కాక. ఆ కోర్సుకి మీరు కట్టాలి, ఇక్కడ ప్రభుత్వం మీ అమ్మాయికి కడుతోంది. కాకపోతే ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఠంచనుగా పడదు. ఒక్కోసారి నెలలు ఆలస్యమై ఒకేసారి పడుతుంది. మొదట్లో చేతి ఖర్చుకి మీరు కాస్త ఇవ్వాల్సి రావచ్చు.

ఉద్యోగం సంగతి. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలవుతుంది, కానీ ఆ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీ కాగానే రాకపోవచ్చు, రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, చెయ్యాల్సి రావచ్చు. మన సరిహద్దు పిల్లలకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఆంధ్రలో ఉద్యోగానికి వెళ్తే చదువు ఒడిశాలో కాబట్టి నాన్‌లోకల్ అంటారు. పాతపట్నం మనకి పక్క ఊరే అయినా రూలు రూలే. అందుకని ఒడిశా కాలేజీ పోస్టులని వదులుకోవద్దు. అక్కడ ఒడియా రావాలంటారు, మీ అమ్మాయికి వచ్చు. ఐఐటీలు, ఐసర్లు (కేంద్రం నడిపే సైన్సు విద్యాసంస్థలు), కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఈ లోకల్ గొడవే లేదు. బరంపురంలోనే ఐసర్ 2016 నుంచి నడుస్తోంది.

చేరేముందు అమ్మాయి తప్పకుండా కనుక్కోవాల్సింది గైడు గురించి. ఆయన దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లకి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడున్నారు, విద్యార్థులతో వారానికి ఒకసారైనా కూర్చుంటారా? ఆయన పాత విద్యార్థులు ఇద్దరికి ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. సబ్జెక్టు ఎంత బాగున్నా గైడు పలకకపోతే అయిదేళ్లు ఏడేళ్లవుతాయి. నాకు టెన్షన్ అంటూ ఉంటే దీని గురించే.

ఇక మీమీద కోపం వచ్చిన సంగతి. 23 ఏళ్ల పిల్ల, దేశమంతా రాసే పరీక్షలో నెగ్గి, తన ఖర్చు తాను తెచ్చుకుంది. ఆ పిల్లకి చెప్పకుండా ఆమె పేరు మీద ఇంకో కోర్సుకి అడ్వాన్సు కట్టడం ఏం పద్ధతండీ? రేపు ఆ సంస్థ వాళ్లు 'మేడం, ఎప్పుడు చేరుతున్నారు' అని ఆమెకే ఫోన్ చేస్తే మీ ముఖం ఎక్కడ పెట్టుకుంటారు? మీ కొట్టులో కుర్రాడు మీకు చెప్పకుండా సరుకు ఆర్డర్ పెడితే ఊరుకుంటారా? సంబంధాల మాట కూడా అంతే. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్న అమ్మాయిలు నాకు చాలామంది తెలుసు. పెళ్లి కోసం చదువు మానిపించుకుని, తర్వాత నా దగ్గరికి వచ్చి 'మళ్లీ చేరొచ్చా సార్' అని అడిగినవాళ్లూ తెలుసు. అప్పటికి సీటు ఉండదు, ఫెలోషిప్ గడువు దాటిపోయి ఉంటుంది.

అలా అని మీరు చెడ్డ తండ్రి అనడం లేదు. కొట్టు కట్టేసే వేళ కూర్చుని ఇంత ఉత్తరం రాశారంటే ఆ పిల్ల మీద ఎంత ప్రాణమో తెలుస్తూనే ఉంది. పంపండి. ఏడాది కోర్సువర్క్ అయ్యాక ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని ఎలా ఉందో మాట్లాడుకోండి. నచ్చకపోతే అప్పటికి ఆమెకి 24, డేటా సైన్స్ ఎక్కడికీ పోదు.

ఈలోపు రేపు పొద్దున్నే విశాఖకి ఫోన్ చేసి అడ్వాన్సు వెనక్కి అడగండి. రసీదు వెనక షరతులు చదవండి. తిరిగి ఇచ్చేది లేదంటే పదివేలు పోయాయనుకోండి. సాయంత్రం ఆ రసీదు, క్యాలిక్యులేటర్ రెండూ పట్టుకుని అమ్మాయి దగ్గరికి వెళ్లండి. రసీదు సంగతి ముందు చెప్పండి. తర్వాత మూడో నియమం 0.999999తో ఎంత వస్తుందో చేసి చూపించమనండి.