చదివింది నిర్ణయం తీసుకునేటప్పుడు అక్కరకు రావాలంటే

నెలకు మూడు నాలుగు పుస్తకాలు చదువుతున్నా, తీరా ఏదైనా తేల్చుకోవాల్సి వచ్చేసరికి చదివిందేదీ అక్కరకు రావట్లేదని అడిగారు.

చదువుతున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరో పాఠాన్ని ఒక్కసారే చదివించి, చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే రెండుసార్లు చదివిందే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రాసింది 75. వారం తర్వాత లెక్క తిరగబడింది: 42, 56.

అందుకే అధ్యాయం కాగానే పుస్తకం మూసి, సొంత మాటల్లో ఐదారు వాక్యాలు రాయండి. ఆ తర్వాతే తెరిచి సరిచూసుకోండి. కలం ఎక్కడ ఆగిందో అక్కడ మీకు అర్థం కాలేదన్నమాట. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ చూడకుండా రాయాలి. గీతలు గీసుకుంటే, పేజీ ఫోటో తీసుకుంటే ఈ పని జరగదు.

నిర్ణయం కోసం చదువుతుంటే, మొదలుపెట్టకముందే మీ మొగ్గు ఎటో రాసిపెట్టండి. లేకపోతే చదివాక ‘నేనూ ముందే ఇలా అనుకున్నా’ అనిపిస్తుంది. ఫ్లాట్ కొనాలా వద్దా అన్నదే తీసుకోండి. ‘కొనాలనుంది, అద్దె కడితే డబ్బు వృథా’ అని రాశారనుకుందాం. దాని కిందే ‘ఏం తెలిస్తే మనసు మార్చుకుంటాను?’ అని రాయండి. ఇప్పుడు చదివితే కళ్లు వేరేవి వెతుకుతాయి. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెల కిస్తీ సుమారు 43,400. మొదటి కిస్తీలో 35 వేలకు పైగా వడ్డీకే పోతుంది. అద్దె వృథా అయితే మరి ఇదేమిటి? కొనొద్దని కాదు, కొనడానికి ఇంకో మంచి కారణం కావాలి.

తన అభిప్రాయానికి ఎదురొచ్చే విషయం కనబడితే డార్విన్ వెంటనే రాసిపెట్టుకునేవాడు. అనుకూలమైనవాటి కంటే అలాంటివే త్వరగా మరుపున పడతాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు. అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సిన అలవాటు ఇదే. నోట్సులో ఎడమ పేజీ వీటికే వదిలేయండి.

వ్యాపారం గురించి చదివేవాళ్లకు ఇంకొక మాట. గెలిచినవాళ్ల కథలే పుస్తకాలవుతాయి. అవి పది చదివినా ఒకవైపే చూసినట్టు. మీరు పెట్టాలనుకున్న వ్యాపారాన్నే పెట్టి మూసేసినవాళ్లను ఇద్దరినైనా కలవండి. అరువు ఎంత ఇరుక్కుపోయింది, అమ్మకాలు లేకుండా ఎన్ని నెలలు లాక్కొచ్చారు, అద్దె అగ్రిమెంటు ఎలా రాసుకున్నారు అని అడిగి, అదీ ఎడమ పేజీలోనే రాసుకోండి.