బాబు ఎన్‌ఐసీయూలో, మరిది లద్దాఖ్‌లో: ఆయనకు ఎంతవరకు చెప్పాలి?

చెల్లెలికి 31 వారాలకే పుట్టిన బాబు సికింద్రాబాద్‌లో ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్నాడు, ఆమె భర్త, అంటే మా మరిది, సైన్యంలో లద్దాఖ్‌లో ఉన్నారు, డ్యూటీలో ఉన్న మనిషికి అన్నీ చెప్పొద్దని పెద్దవాళ్లంటున్నారు, చెల్లెలేమో ఏడుస్తూనే ఉంది, ఏం చేయాలి అని అడిగారు.

చెప్పేయండమ్మా. దాచిన సంగతి ఒక్కటి బయటపడిందంటే ఆ తర్వాత "బాబు బాగున్నాడు" అన్నా ఆయన నమ్మరు. దూరంగా ఉన్నవాళ్లను తినేసేది చెడ్డ వార్త కన్నా ఏమీ తెలియకపోవడమే.

డాక్టర్ రౌండ్స్ అయ్యాక రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే మెసేజ్. ఏ రోజైనా వరస మారకూడదు: బరువు ఎన్ని గ్రాములు, పాలు ఎన్ని ఎంఎల్, ఎన్నిసార్లు, ఆక్సిజనా సీప్యాపా (ముక్కు దగ్గర గాలి ఒత్తిడి ఇచ్చి ఊపిరికి సాయం చేసే యంత్రం), డాక్టర్ అన్న మాట ఉన్నదున్నట్టు, చివర్లో చెల్లెలు ఎంతసేపు పడుకుందో. మధ్యలో లైన్ కట్ అయినా ఏది వినలేదో ఆయనకు తెలుస్తుంది. మొదటి వారం బరువు తగ్గుతుందని, రెండు వారాలకు అటూఇటూగా మళ్లీ అందుకుంటాడని ముందే చెప్పి ఉంచండి.

వీడియో కాల్‌తో జాగ్రత్త. పాదానికి కట్టిన సెన్సర్ కాస్త జారినా మానిటర్ కుయ్యిమంటుంది. సిస్టర్ వచ్చి సర్దడం ఇక్కడున్న మనం చూస్తాం. అక్కడ కాల్ కట్ అయితే ఆయనకు రాత్రంతా ఆ చప్పుడే మిగులుతుంది. సిస్టర్‌ని అడిగి, సౌండ్ లేకుండా బాబు చెయ్యి చిన్న వీడియో తీసి పంపండి, చాలు.

సెలవుకి ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద నెలలు నిండని సంగతి, బరువు, ఇస్తున్న చికిత్స, ఇంకా ఎన్నాళ్లు ఉండాలో రాయించి, సంతకం, స్టాంపుతో యూనిట్ అడ్జుటెంట్‌కి (యూనిట్ పరిపాలన చూసే ఆఫీసర్‌కి) పంపండి. పరిస్థితి విషమమని డాక్టర్ అంటే వెంటనే రావాల్సిందే. నిలకడగా ఉంటే మాత్రం సెలవంతా ఇప్పుడే ఖర్చు చేయొద్దు, డిశ్చార్జి వారానికి కొంత మిగల్చమంటాను. చెల్లెలికి ఎక్కువ భయం పట్టుకునేది ఇంటికొచ్చాక మానిటర్ లేని ఆ మొదటి రాత్రులే. వచ్చినప్పుడు కంగారూ కేర్ ఆయన కూడా చేయొచ్చు: చొక్కా విప్పి, టోపీ, డైపర్‌తో ఉన్న బాబును ఛాతీకి నిలువుగా ఆనించుకుని, ఒక్కో విడత కనీసం గంట. ఆ గంట చెల్లెలిది, నిద్రపోనివ్వండి.

మూడో నాలుగో రోజు ఏడుపు మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రసవం తర్వాతి డిప్రెషన్‌ను గుర్తించే ఎడిన్‌బరో పది ప్రశ్నలు ఇమ్మని గైనిక్ డాక్టర్‌ని అడగండి. స్కోరు 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్ట్‌కి చూపించాలి. తనకు తాను హాని చేసుకోవడం గురించి అడిగే పదో ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" తప్ప ఏ జవాబు వచ్చినా ఆ రోజే వెళ్లండి.

మరిదిగారినీ గమనించండి. ఫోన్ ఎత్తకపోయినా, బాబు గురించి అడగడం మానేసినా అది పట్టించుకోకపోవడం కాదు, తట్టుకోలేకపోవడం కావచ్చు. మెడికల్ కేటగిరీ (ఫిట్‌నెస్ స్థాయి) పడిపోతుందని చాలామంది ఆర్‌ఎంఓ (యూనిట్ డాక్టర్) దగ్గర నోరు విప్పరు. నిద్ర లేకుండా రైఫిల్‌తో రాత్రి సెంట్రీలో నిలబడటం అంతకన్నా ప్రమాదం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణె ఏఎఫ్‌ఎంసీలో (సైనిక వైద్య కళాశాలలో) టెలి మానస్ ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. ఈ రోజు మెసేజ్ కిందే 14416 నంబర్ రాసి పంపండి.