ఇరుకు మూలలో కొత్త గీజర్ పెట్టించుకునే ముందు

అమ్మాయీ,

పాత గీజర్ కారుతోందని, ఆ మూలలోనే పట్టి కరెంటు తక్కువ తినేది ఏదో చెప్పమని అడిగావు. స్టార్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు టేపు తీసుకుని చోటు కొలువు.

వెడల్పు, ఎత్తు అందరూ కొలుస్తారు. గీజర్ కింద ఎంత ఖాళీ ఉందో చాలామంది పట్టించుకోరు. నిలువు గీజర్‌లో హీటింగ్ ఎలిమెంటు, దాని పక్కనే మెగ్నీషియం రాడ్డు సాధారణంగా కింది మూతకే బిగించి ఉంటాయి. ఆ రాడ్డు తను అరిగిపోతూ ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అరిగాక మార్చాలి. రెండూ కిందికే లాగాలి కాబట్టి వాటి పొడవంత ఖాళీ లేకపోతే సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ గీజర్‌నే గోడ మీంచి దించాలి. ఆ తంటా పడలేక జనం సర్వీసే మానేస్తారు. నీళ్లలో సున్నం ఎక్కువైతే ఎలిమెంటు మీద తెల్లగా పొలుసు కట్టి, చివరికి అది కాలిపోతుంది. అడ్డంగా ఉండే మోడలైతే మూత పక్కకు ఉంటుంది, ఆ పక్కన ఖాళీ చూడు. నిలువుదాన్నే అడ్డంగా పడుకోబెట్టి బిగిస్తామంటే మాత్రం అస్సలు ఒప్పుకోకు. లోపలి పైపుల అమరిక దానికి పనికిరాదు.

సైజు విషయంలో ఆశ వద్దు. 15 లీటర్ల నీళ్లను 35 డిగ్రీలు పెంచడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. 2 కిలోవాట్ల ఎలిమెంటైతే ఇరవై నిమిషాల లోపే పని అయిపోతుంది. వాడని వేడినీళ్లు ఊరికే చల్లారిపోవడమే అసలు నష్టం. లేబుల్ మీద 24 గంటల్లో ఎంత వేడి పోతుందో రాసి ఉంటే, అది తక్కువున్నదే తీసుకో. సన్నటి మోడల్ చూపిస్తే, వేడి బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ ఉండే ఇన్సులేషన్ మందం తగ్గించారేమో అడుగు.

ట్యాంకు లేని ఇన్‌స్టంట్ గీజర్ చిన్నగా, ముచ్చటగా ఉంటుంది. కానీ 3 కిలోవాట్లది నీళ్లను 35 డిగ్రీలు పెంచాలంటే నిమిషానికి లీటరు పైచిలుకు మాత్రమే ఇస్తుంది. సింకుకు చాలు, చలికాలం షవర్‌కు చాలదు.

పొదుపులో హీట్ పంపు గీజర్‌కు సాటి లేదు. ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అయితే ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాగుతుంది. తలుపు మూసిన అరలో పెడితే గాలి చల్లబడి పనితీరు పడిపోతుంది. బయటికి గాలి గొట్టం (డక్టు) వేసే వీలుంటే సంతోషంగా తీసుకో, లేకపోతే ఆ ఆలోచన వదిలెయ్.

గ్యాసు గీజర్ మూసి ఉన్న బాత్‌రూమ్‌లో వద్దే వద్దు, తల్లీ. గ్యాసు మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది.

3 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. పాత వైరు, ప్లగ్ అంత మోస్తాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

ట్యాంకులో ఒత్తిడి పెరిగితే వదిలేసే సేఫ్టీ వాల్వు కొత్తది పెట్టించు, దాని పైపు నేల దాకా దించు. నీళ్లు వేడెక్కి వ్యాకోచించేటప్పుడు నాలుగు చుక్కలు కారడం మామూలే. కారుతోందని దానికి ఎవరినీ బిరడా కొట్టనివ్వకు.

ఉంటాను,
మీ బాబాయి