మరి సీసం సంగతేంటి?

అమ్మాయీ,

తరంగాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బల్లకి చెవి ఆనించి, అటు చివర నువ్వే గోరుతో గీకి విన్న పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. నా కోపమంతా దాని కింది వాక్యం మీద. "ఘనపదార్థాల్లో అణువులు దగ్గరదగ్గరగా ఉంటాయి, సాంద్రత ఎక్కువ, అందుకే ధ్వని వేగంగా వెళ్తుంది" అని రాశావు. ఆ "అందుకే" ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరో చెప్పారు, నువ్వు రాసేశావు.

సీసం తీసుకో. ఘనపు సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములుంటే సీసం 11.3 గ్రాములు. నీ లెక్కన సీసంలో ధ్వని ఇంకా వేగంగా పోవాలి కదా? ఉక్కులో సెకనుకు 5900 మీటర్ల దాకా వెళ్లే ధ్వని సీసంలో రెండు వేల దగ్గరే ఆగిపోతుంది. అల్యూమినియం ఉక్కులో మూడోవంతు బరువే, అందులో మాత్రం 6400. పాదరసం నీటికంటే పదమూడు రెట్లకు పైగా బరువు, అయినా రెండింటిలోనూ వేగం దాదాపు ఒకటే, నీటిలో 1480, పాదరసంలో 1450.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి వ్యాసంలో నేనూ ఇదే వాక్యం రాశాను. అచ్చయిన కొన్నాళ్లకి ఎవరో పాఠకుడు ఒకే ఒక్క లైను ఉత్తరం రాశాడు, "మరి సీసం సంగతేంటి?" అని. మూడు వారాలు నిద్ర పట్టలేదు. ఆఖరికి విషయం అర్థమై సవరణ రాసి పంపిస్తే, సంపాదకుడు "పాఠకులకు ఇంత లోతు ఎందుకండీ" అని పక్కన పడేశాడు. తప్పు అచ్చయింది, దిద్దుబాటు అచ్చవలేదు. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఆ తర్వాత వచ్చిన సంపాదకులు ఇంకో దారి పట్టారు, ప్రతి వ్యాసం "మీకు తెలుసా?" అని మొదలవ్వాలి, ఐదు వింతలు చెప్పాలి, కారణం మాత్రం అడక్కూడదు. నీ వ్యాసం కూడా "మీకు తెలుసా?" తోనే మొదలైంది. తీసెయ్.

అసలు సంగతి బిగువులో ఉంది. తరంగం వెళ్తున్నప్పుడు పదార్థం ఎక్కడికీ పోదు, ఒక్కో కణం ఉన్నచోటే ఇసుమంత ఊగి పక్కదాన్ని నెడుతుంది. చోటు తప్పిన కణాన్ని పదార్థం ఎంత బలంగా వెనక్కి లాగుతుందో అదే బిగువు. ఆ కణం ఎంత బరువుగా ఉంటే కదలడానికి అంత బద్ధకిస్తుంది. బిగువుని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. నీటికంటే ఉక్కు ఎనిమిది రెట్లు బరువు, ఆ బరువు వేగాన్ని తగ్గిస్తుంది కూడా, కానీ బిగువు 120 రెట్ల దాకా ఎక్కువ. 120ని 8తో భాగిస్తే 15, దాని వర్గమూలం నాలుగుకి కాస్త తక్కువ. 1480ని నాలుగుతో హెచ్చించి చూడు, ఎక్కడికొచ్చామో! కాగితం మీద మొదటిసారి ఈ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం నీకూ కలగాలని నా ఆశ. పుస్తకాలు దీన్నే స్థితిస్థాపకత అంటాయి, ఆ మాట వినగానే సాగే రబ్బరు గుర్తొస్తుంది కానీ ఈ లెక్కలో రబ్బరుకంటే ఉక్కుదే పైచేయి.

న్యూటన్ అంతటివాడు కూడా బిగువు దగ్గరే తడబడ్డాడు. 1687లో గాలిలో ధ్వని వేగం లెక్కగడితే అసలు విలువకంటే దాదాపు 15 శాతం తక్కువొచ్చింది. సాంద్రత సరిగ్గానే వేసుకున్నాడు. తరంగం గాలిని నొక్కినచోట వేడి పుడుతుందని, అది బయటికి పోయేంత వ్యవధి ఉండదని, దానివల్ల గాలి ఇంకాస్త బిగుస్తుందని 1816లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ చెప్పేదాకా ఆ తేడా తేడాగానే ఉండిపోయింది.

ఇంకోటి, "యాంత్రిక తరంగాలన్నీ అన్ని పదార్థాల్లోనూ ప్రయాణిస్తాయి" అన్నావు. ద్రవాన్ని నొక్కితే ఎదురు తిరుగుతుంది, పక్కకి జరిపితే మాత్రం జారిపోతుంది, వెనక్కి లాగే బిగువు అక్కడ లేదు. అందుకే భూకంపంలో పుట్టే తిర్యక్ తరంగాలు, అంటే కణాల్ని పక్కకి ఊపుతూ సాగేవి, సుమారు 2900 కిలోమీటర్ల లోతున, భూమి బాహ్య కేంద్రకం దగ్గర ఆగిపోతాయి. అక్కడున్నది ద్రవమని మనిషి తెలుసుకున్నది అలాగే, ఎవరూ అంత లోతుకి తవ్వి చూసింది లేదు. ఇది నీ వ్యాసంలో ఒక్క లైనుకి కూడా నోచుకోలేదు, నాకైతే బాధేసింది.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు, వాటి సంగతి తర్వాత. ముందు ఆ "అందుకే" పేరా మళ్లీ రాయి. రాశాక హైడ్రోజన్ దగ్గర సరిచూసుకో. ఒకే పీడనంలో దాని బిగువు గాలి బిగువుతో సమానం, బరువు మాత్రం పద్నాలుగో వంతు, ధ్వని వేగం గాలిలో 343 అయితే అందులో దాదాపు 1300. నీ పేరా చదివినవాళ్లకి ఈ తేడా ఎందుకో వాళ్లంతట వాళ్లకే తట్టాలి. తట్టేలా ఉందనిపించినరోజు పంపు, ఎంత పొద్దుపోయినా చదువుతాను.

ఆశీస్సులతో