24 గంటల నొప్పి నాకు ఏడాదిన్నర పట్టింది

"మా నాన్నకు అపెండిక్స్‌కీ మూత్ర సంచికీ మధ్య ఫిస్టులా (ఉండకూడని దారి) ఉందని సీటీ స్కాన్‌లో వచ్చింది. ఆపరేషన్ లేకుండా మందులతో పూడుతుందా?" అని అడిగారు. నేను డాక్టర్ని కాదు, ఇదే జబ్బుతో తిరిగినవాణ్ణి. నాకైతే పూడలేదు. నాలుగు కోర్సులు యాంటీబయాటిక్స్ మింగాను. మింగినన్నాళ్ళు మంట తగ్గేది, ఆపిన పది రోజులకు మళ్ళీ మొదలు. పేగులోది మూత్ర సంచిలోకి దిగే దారి తెరిచే ఉంటే మాత్రలేం చేస్తాయి? చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

మా తమ్ముడి పెళ్ళి పనుల్లో ఉండగా కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం వచ్చాయి. మా ఊరి ఆర్ఎంపీ గారు ఐదు రోజులు ఇంజెక్షన్లు చేస్తే తగ్గింది. అపెండిక్సేమో, స్కాన్ తీయిద్దామని మా ఆవిడ అంటూనే ఉంది. "24 గంటల నొప్పయితే ఐదు రోజులు ఉంటుందా? ఈపాటికి అటో ఇటో తేలిపోయేది" అన్నారు పెద్దలు. అపెండిక్స్ నొప్పికి ఆ '24 గంటల' పేరు పెట్టినవాడు ఎదురైతే రెండు మాటలు అడగాలని ఉంది. నాకు అపెండిక్స్ లోపల పగిలి, చీము గడ్డకట్టి, కిందనున్న మూత్ర సంచికి అతుక్కుని, మెల్లగా దానికి చిల్లు పెట్టింది. ఇదంతా తర్వాత సర్జన్ బొమ్మ గీసి చెప్తే తెలిసింది.

కొన్ని నెలలకు మూత్రంలో మంట మొదలైంది. మనవాళ్ళకు ఒకటే మాట, "వేడి చేసింది". సబ్జా నీళ్ళు, బార్లీ, కొబ్బరి బోండాలు. నన్నడిగితే మన జిల్లాల్లో సగం జబ్బులు ఈ 'వేడి' కింద దాక్కునే ముదురుతున్నాయి.

ఒకరోజు పొద్దున ఒంటేలుకు పోతుంటే చివర్లో గాలి వచ్చింది. గోళీ సోడా కొట్టినట్టు చప్పుడు. ఆ మాట మా ఆవిడతో కూడా మూడు నెలలు చెప్పలేదు.

చివరికి యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఓపీ గది సంగతి తెలుసుగా, ఒకరు కూర్చుంటే వెనక నలుగురు నిలబడి మన రోగం వింటుంటారు. ఫీజు తీసుకుంటారు గానీ ఆ తలుపు మాత్రం వేయరు. "మంటగా ఉంటోంది సార్" అని ఆపేశాను. ఆయన మూత్రం కల్చర్ రిపోర్టులన్నీ తిప్పారు, అన్నిట్లోనూ ఇ. కొలై, అంటే పేగుల్లో ఉండే బ్యాక్టీరియా. మగవాడికి ఇన్‌ఫెక్షన్ ఇన్నిసార్లు ఎందుకొస్తోందని గొణుక్కుని, తలెత్తి గట్టిగా అడిగారు: "ఒంటేలుతో పాటు గాలి ఏమైనా పోతోందా?"

నాకు చెవులు వేడెక్కాయి. వెనక నిలబడ్డ పెద్దావిడ అంది: "చెప్పు నాయనా, ఇక్కడికొచ్చింది అందుకేగా. మాకూ టైమవుతోంది."

చెప్పాను. ఆయన అప్పటికప్పుడు సీటీ రాశారు. మూత్ర సంచిలో గాలి బుడగ కనబడింది. అంతకు ముందు రెండు అల్ట్రాసౌండ్లలో తేలనిది ఆ ఒక్క మాటతో తేలింది. ఆడవాళ్ళలో మధ్యన గర్భసంచి అడ్డుంటుంది కాబట్టి ఇది మగవాళ్ళలోనే ఎక్కువట.

ఆపరేషన్ నేను భయపడ్డంత లేదు. లాప్రోస్కోపీలో అపెండిక్స్ తీసేసి, మూత్ర సంచి చిల్లు చుట్టూ కోసి కుట్టారు. మూత్రం పోయే పైపు పది రోజులు ఉంచి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, కారడం లేదని చూశాకే పీకారు. తీసిన ముక్కను బయాప్సీకి పంపారో లేదో మీరు అడగండి, అపెండిక్స్‌లో కణితి వల్ల కూడా ఒక్కోసారి ఇలా అవుతుంది. నా రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు నేనూ మా ఆవిడా ఒకరి ముందు ఒకరం టెన్షన్ లేనట్టు నటించాం. ఏమీ లేదని వచ్చింది.

మందులతో మానిందని ఎవరైనా అంటే అది వేరే రకం అయ్యుండొచ్చు. అపెండిక్స్ ఆపరేషన్ అయ్యాక కుట్టు దగ్గర చర్మం మీదికి తెరుచుకునేది కొన్నిసార్లు తనంతట తనే పూడుతుంది. మీ నాన్నగారిది అది కాదు.

పైపుతో పడుకుని ఫోన్లో చదివాను. 1735లో లండన్ సెయింట్ జార్జ్ హాస్పిటల్లో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్ 11 ఏళ్ళ పిల్లవాడికి చేసినదాన్నే మొదటి అపెండిక్స్ ఆపరేషన్ అంటారు. గజ్జల్లో హెర్నియాలోకి జారిన అపెండిక్స్‌కు గుండుసూది చిల్లు పెట్టి, తొడ దగ్గర మలం కారేదట. అంటే అదీ ఫిస్టులానే! మత్తుమందు లేని కాలం. ఆ పిల్లవాణ్ణి తలుచుకున్నాక నా పైపు గురించి విసుక్కోవడం మానేశాను.

మీ నాన్నగారికి పైపు ఉన్నన్నాళ్ళూ లుంగీ కట్టించండి. మూత్రం పట్టే బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకరు కూర్చోడానికి చోటు కోసం దాన్ని తీసి మంచం మీద పెడతారు. మా ఇంట్లో రెండుసార్లు పెట్టారు.